లైవ్ పేజీనా, అలర్టా, రోజుకోసారి చూస్తే చాలా: దేనికి ఏది పెట్టుకోవాలి?

అక్టోబరు దాటిందంటే చెన్నైలోని మన తెలుగువాళ్ల ఇళ్లల్లో ఒక్కో ఫోన్‌లో మూడు నాలుగు లైవ్ పేజీలు తెరిచి ఉంటాయి. వాన రాడార్ ఒకటి, ఊరి నుంచి వచ్చే బండి ఎక్కడుందో చెప్పేది ఒకటి, న్యూస్ సైట్ లైవ్ అప్‌డేట్లు ఒకటి. ఇంట్లో షేర్ల పిచ్చి ఉన్నవాళ్లు ఉంటే ఇంకొకటి. ఎర్ర చుక్క వెలిగి ఆరుతుంటుంది, అంకెలు రంగులు మారుస్తుంటాయి, చదువుతున్న వాక్యం ఉన్నట్టుండి కిందికి జారిపోతుంది. పని సాగదు, అలాగని మూసేయబుద్ధీ కాదు.

వీటిలో దేన్ని తెరిచి ఉంచాలి, దేన్ని మూసేయాలి అని తేల్చుకోవడానికి నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను. సమాచారం పుట్టేచోట అది ఎంతసేపటికోసారి మారుతోంది? మారిందని తెలిస్తే నేను ఇప్పటికిప్పుడు చేయగలిగింది ఏమైనా ఉందా? మొదటిదానికి జవాబు "అరగంటకోసారి" అయితే, క్షణక్షణం కదిలే పేజీ నాకు అదనంగా చెప్పేదేమీ లేదు. రెండోదానికి జవాబు "ఏమీ లేదు" అయితే, ఎంత వేగంగా చెప్పినా మిగిలేది టెన్షనే.

మన ముందున్నవి నాలుగు దారులు. దానంతటదే మారే పేజీ. కొత్తది వచ్చిందని పైన చిన్న బటన్ చూపించి, మనం నొక్కితేనే మారే పేజీ. పేజీ మూసేసినా మోగే అలర్ట్. ఇక చివరిది, వీలైనప్పుడు తెరిచి మనమే రిఫ్రెష్ కొట్టుకునే పాత పద్ధతి. నా ఓటు చాలాసార్లు రెండోదానికో నాలుగోదానికో పడుతుంది. మొదటిదానికి పడే సందర్భాలూ ఉన్నాయి, కానీ పేజీలు తయారుచేసేవాళ్లు అనుకున్నన్ని లేవు.

ఏ పేజీ తెరిచినా ముందు "చివరిగా అప్‌డేట్ అయిన సమయం" ఎక్కడ రాశారో వెతకండి. ఎర్ర చుక్కని ఎవరైనా వెలిగించొచ్చు. సమయం వేయాలంటే మాత్రం సమాచారం నిజంగా వచ్చి ఉండాలి. ఆ సమయం కనిపించని లైవ్ పేజీని నేను లెక్కలోకి తీసుకోను.

వాన, తుపాను

2023 డిసెంబరులో మిచాంగ్ వచ్చినప్పుడు 3, 4 తేదీల్లో చెన్నై మునిగింది. తుపాను తీరం దాటింది మాత్రం 5న, బాపట్ల దగ్గర. ఇక్కడి తెలుగువాళ్లకి రెండువైపులా కంగారే. ముందు మన వీధిలో నీళ్లు, మర్నాడు నెల్లూరులోనో ఒంగోలులోనో బాపట్లలోనో ఉన్న అమ్మానాన్నల గురించి దిగులు. అలాంటప్పుడు లైవ్ పేజీ వద్దని ఎవరికీ చెప్పలేం. ఏ లైవ్ పేజీ అన్నది మాత్రం ఆలోచించుకోవాలి.

వాతావరణ శాఖ నుంచి వచ్చేవన్నీ ఒకే వేగంతో రావు. రాడార్ చిత్రం దాదాపు పది నిమిషాలకోసారి మారుతుంది. జిల్లాలవారీ నౌకాస్ట్, అంటే రాబోయే కొన్ని గంటల్లో ఉరుములు, వాన ఎలా ఉంటాయో చెప్పేది, మూడు గంటలకోసారి వస్తుంది. అల్పపీడనం ముదిరి తుపానుగా మారాక బులెటిన్ కూడా మూడు గంటలకోసారే. తీరం దాటే సమయం దగ్గరపడితే గంటకోసారి ఇస్తారు. అంటే రెండు బులెటిన్ల మధ్య న్యూస్ సైట్లలో నిమిషానికొకటి చొప్పున దిగే "తాజా" కబుర్లలో తుపాను దారి గురించి కొత్తగా ఏమీ ఉండదు. అదే బులెటిన్‌ని తిప్పి తిప్పి రాస్తారు. శీర్షిక మారుతుంది, విషయం ఎక్కడి గొంగళి అక్కడే.

కాబట్టి వాన రోజున నేను తెరిచి ఉంచేది రాడార్ ఒక్కటే. అదీ ఆఫీసు నుంచి బయల్దేరే ముందు, పిల్లల్ని బడి నుంచి తీసుకురావాల్సిన వేళల్లో. పది నిమిషాల తేడాతో రెండు మూడు చిత్రాలు వరసగా చూస్తే ఎర్రటి మచ్చ సముద్రం మీంచి మనవైపు వస్తోందో, పులికాట్ వైపు జరిగిపోతోందో మామూలు కంటికే తెలిసిపోతుంది. ఒక్క జాగ్రత్త: కొన్ని చిత్రాల మీద సమయం యూటీసీలో ఉంటుంది. దానికి అయిదున్నర గంటలు కలుపుకోవాలి. ఇది తెలియనివాళ్లు రాడార్ ఆగిపోయిందని అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడుతుంటారు.

బులెటిన్‌ని మూడు గంటలకోసారి చూసుకుంటే సరిపోతుంది. మిగతాదంతా అలర్ట్‌కి వదిలేయాలి. ఎందుకంటే వాన ముదిరితే ముందు పోయేది కరెంటు, తర్వాత సిగ్నల్. ఫోన్ చార్జింగ్ బంగారమయ్యే ఆ గంటల్లో వీడియో లైవ్ పెట్టుకుని కూర్చుంటే, సాయంత్రానికి అవసరమైన ఫోన్ కాల్ చేయలేం. విపత్తు నిర్వహణ సంస్థ వాళ్ల సచేత్ యాప్‌లో మన జిల్లాతోపాటు ఊళ్లో ఉన్నవాళ్ల జిల్లా కూడా పెట్టుకోవచ్చు. 2023లో దేశమంతా ఫోన్లు ఒక్కసారిగా పెద్దగా కూత పెట్టి పరీక్ష మెసేజ్ చూపించాయి, గుర్తుందా? ఆ సెల్ బ్రాడ్‌కాస్ట్ పద్ధతి ఇలాంటి రోజుల కోసమే. దాన్ని సెట్టింగ్స్‌లో ఆపేసి ఉంటే మళ్లీ ఆన్ చేయండి.

చెరువుల సంగతి వేరు, ఇక్కడ ఎంపిక కాలాన్ని బట్టి మారిపోతుంది. పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కంలలో నీటిమట్టం ఎంతుందో నగరానికి నీళ్లిచ్చే మెట్రోవాటర్ సంస్థ రోజూ ప్రకటిస్తుంది. కండలేరు నుంచి కృష్ణా నీళ్లు పూండికి వచ్చే రోజుల్లో మనవాళ్లు ఆ అంకెల్ని కాస్త గర్వంగా చూసుకుంటారు. 2019 వేసవిలో ఈ చెరువులు ఎండిపోయి, జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చిన రోజుల్లో కూడా ఆ అంకెని రోజుకోసారి చూస్తే చాలు. మట్టం పడేది మెల్లగా కదా. అదే చెంబరంబాక్కం 24 అడుగుల నిండు మట్టానికి చేరువైందంటే కథ మారిపోతుంది. 2015 డిసెంబరులో అక్కడి నుంచి అడయారు నదిలోకి సెకనుకి 29,000 ఘనపుటడుగుల దాకా నీళ్లు వదిలారు. సైదాపేట, కొట్టూరుపురం వైపు ఇళ్లున్నవాళ్లకి అలాంటి రాత్రి గంటకోసారి వచ్చే విడుదల లెక్క కావాలి, అలారం పెట్టుకునైనా చూడాలి. మేలో రోజుకోసారి చాలన్న చెరువే డిసెంబరులో నిద్రపోనివ్వదు.

బండి ఎక్కడుంది?

రైలు ఎక్కడుందో చూపే పేజీ అంటే మనవాళ్లకి మహా ఇష్టం. ఎదురుచూపుకి ఒక బొమ్మ దొరికినట్టుంటుంది. పినాకినిలో అత్తమామలు వస్తుంటే నెల్లూరు దగ్గర్నుంచీ చుక్కని చూస్తూ కూర్చునే కుటుంబాలు నాకు తెలుసు. మాదీ అలాంటిదే.

ఆ చుక్క వెనక రెండు రకాల సమాచారం ఉంటుంది. ఇస్రో సాయంతో రైల్వే అమర్చిన పరికరం ఇంజన్ మీద ఉంటే 30 సెకన్లకోసారి స్థానం అందుతుంది. లేకపోతే బండి స్టేషన్ దాటిన సమయమే ఆధారం, మధ్యలో కదిలే చుక్క అంచనా మాత్రమే. బండిలో ఉన్నవాళ్ల ఫోన్‌లో వేర్ ఈజ్ మై ట్రైన్ లాంటి యాప్ ఉంటే అది ఇంటర్నెట్ లేకపోయినా సెల్ టవర్ని బట్టి ఎక్కడున్నారో చెప్పేస్తుంది. అంటే సరైన సమాచారం చాలాసార్లు మన పేజీలో కంటే వాళ్ల చేతిలోనే ఉంటుంది. ఒక్క ఫోన్ చేస్తే పోయేదానికి గంటసేపు చుక్కని చూడక్కర్లేదు.

ఇక చివరి రెండు కిలోమీటర్ల సంగతి. సెంట్రల్‌లో నిలబడి చూస్తే పేజీ "మూడు నిమిషాల్లో" అంటుంది. మూడు నిమిషాలు పదిహేనవుతాయి. ఫోన్ చేస్తే మావయ్యగారు, "బేసిన్ బ్రిడ్జ్ దగ్గర నిలబెట్టేశాడమ్మా, పక్కనుంచి లోకల్ బండ్లన్నీ పోతున్నాయి, మాది కదలట్లేదు" అంటారు. ప్లాట్‌ఫాం ఖాళీ అయ్యేదాకా అక్కడ ఆపడం మామూలే. ఏ లైవ్ పేజీ దాన్ని ముందుగా చెప్పలేదు. దీనికి తలకిందులుగా ఇంకోటుంది: టైంటేబుల్‌లో ఆఖరి స్టేషన్ ముందు కాస్త సమయం అదనంగా వదులుతారు కాబట్టి, గూడూరులో నలభై నిమిషాలు లేటున్న బండి సెంట్రల్‌కి పాతిక నిమిషాల లేటుతో కూడా వచ్చేయొచ్చు.

అందుకే మా ఇంట్లో లెక్క ఇది. సెంట్రల్‌కి గూడూరు 138 కిలోమీటర్లు, సూళ్లూరుపేట 83, గుమ్మిడిపూండి 48. గూడూరు దాటిందో లేదో ఒకసారి చూస్తాం. సూళ్లూరుపేట దాటగానే వేళచ్చేరిలో ఎంఆర్‌టీఎస్ లోకల్ రైలు ఎక్కుతాం. పార్క్ టౌన్‌లో దిగితే ఎదురుగా సెంట్రల్. మధ్యలో పేజీ జోలికి పోనక్కర్లేదు. మీ ఇంటి నుంచి స్టేషన్‌కి పట్టే సమయాన్ని బట్టి మీ సూళ్లూరుపేట ఏదో మీరే తేల్చుకోండి.

షేర్లు

మార్కెట్ పొద్దున 9:15 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా. ఆ ఆరుంపావు గంటలూ ధర నిజంగానే క్షణక్షణం మారుతుంది. మొదటి ప్రశ్నకి లైవ్ పేజీ వందకి వంద మార్కులు తెచ్చుకునే చోటు ఇదే. బోల్తా కొట్టేది రెండో ప్రశ్న దగ్గర.

మా అపార్ట్‌మెంట్‌లో రిటైరైన మాస్టారు ఒకాయన ఉన్నారు. కింద వరండాలో కుర్చీ వేసుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఫోన్‌ని ముక్కు దాకా తెచ్చుకుని చూస్తుంటారు. "పొద్దున్నించీ పచ్చగా ఉందమ్మా, టిఫిన్ తిని వచ్చేసరికి ఎర్రబడింది" అన్నారొక రోజు.

"అమ్మేద్దామనుకుంటున్నారా అంకుల్?"

"ఎందుకమ్ముతాను? మనవరాలి చదువు కోసం పెట్టినవి. ఇంకో పదేళ్లు ముట్టుకోను."

పదేళ్లు ముట్టుకోని దానికి పది సెకన్లకోసారి రంగు మారే పేజీ ఎందుకని నేను అడగలేదు, పెద్దాయన. మీరు మాత్రం మిమ్మల్ని మీరే అడగండి. మ్యూచువల్ ఫండ్ అయితే మరీ విచిత్రం. దాని ఎన్‌ఏవీ, అంటే ఒక్కో యూనిట్ విలువ, రోజుకి ఒక్కసారే, మార్కెట్ మూశాక తేలుతుంది. మధ్యాహ్నం పన్నెండింటికి ఫండ్ యాప్ తెరిస్తే కనిపించేది నిన్నటి అంకే. నెలనెలా కొంత చొప్పున సిప్ కట్టేవాళ్లకి నెలకో చూపు చాలు.

ఫలానా ధరకి వస్తే కొందామనో అమ్మేద్దామనో ఉందా? ప్రైస్ అలర్ట్ పెట్టండి, లేదా ఆ ధర రాగానే దానంతటదే వెళ్లే జీటీటీ ఆర్డర్ పెట్టేసి యాప్ మూసేయండి. ఆ పని చూసుకోవడానికి యంత్రం ఉండగా మన కళ్లు కాపలా కాయక్కర్లేదు. లైవ్ పేజీ నిజంగా అవసరమైంది రోజువారీ ట్రేడింగ్, ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) చేసేవాళ్లకే. అయితే అక్కడ కూడా పేజీ వేగం కాపాడుతుందనుకోకండి. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓలో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు.

క్రికెట్

ఇక్కడ నా రెండు ప్రశ్నలూ చెల్లవు. బంతి బంతికీ చూడటమే సరదా, దానితో మనం చేసే పనంటూ ఏమీ ఉండదు. ఒక్క సలహా: వీడియో చూస్తుంటే స్కోర్ యాప్ నోటిఫికేషన్లూ, కజిన్స్ వాట్సాప్ గ్రూపూ మ్యూట్ చేయండి. నెట్‌లో వచ్చే వీడియో అసలు ఆట కంటే కాస్త వెనక నడుస్తుంది, వికెట్ పడిందని వాళ్లు ముందే అరిచేస్తారు. చేపాక్ పక్కన ట్రిప్లికేన్‌లో ఇల్లుంటే కిటికీలు కూడా మూసుకోవాల్సిందే.

ఓట్ల లెక్కింపు

2024 జూన్ 4న చెన్నైలో మనవాళ్ల ఇళ్లల్లో ఒక కన్ను తమిళనాడు లోక్‌సభ మీద, ఇంకో కన్ను ఆంధ్ర అసెంబ్లీ మీద. టీవీ ఒకవైపు, ఫోన్ ఒకవైపు. అసలు లెక్క ఎలా నడుస్తుందో తెలిస్తే ఆ రోజు సగం అలసట తగ్గుతుంది.

ఎనిమిదింటికి పోస్టల్ బ్యాలెట్లు మొదలవుతాయి, ఎనిమిదిన్నరకి ఈవీఎంలు. ఒక్కో అసెంబ్లీ సీటుకి మామూలుగా 14 బల్లలు వేస్తారు. ఒక్కో బల్ల మీద ఒక్కో బూత్ యంత్రం లెక్క తేలితే అది ఒక రౌండ్. 280 బూత్‌లుంటే 20 రౌండ్లు. రౌండ్ పూర్తయ్యాకే అధికారిక అంకె ఎన్నికల సంఘం పేజీకి వెళ్తుంది. రెండు రౌండ్ల మధ్య ఆ పేజీని ఎన్నిసార్లు రిఫ్రెష్ కొట్టినా కొత్త అంకె పుట్టదు. పైగా బూత్‌లను వరస సంఖ్య ప్రకారం లెక్కిస్తారు. మొదటి రౌండ్లలో వచ్చేవి ఒకటి రెండు మండలాల ఓట్లే. "మూడో రౌండ్‌లో ఆధిక్యం" అంటే ఆ మండలాల్లో ఆధిక్యమని మాత్రమే. ఊళ్లో బంధువుకి ఈ సంగతి తెలుసు, "ఇంకా మా వైపు పెట్టెలు తెరవలేదు" అంటాడు. యాంకర్‌కి గుర్తుండదు.

నా ఎంపిక: ఎన్నికల సంఘం పేజీ, అరగంటకో రిఫ్రెష్. టీవీ స్క్రోలింగ్ సరదా కోసమే. మన నియోజకవర్గం ఒక్కటే కావాలంటే అక్కడి ఏజెంట్లతో మాట్లాడే బంధువు ఒకరుంటే అన్ని సైట్లకంటే ముందుంటారు.

న్యూస్ సైట్ల లైవ్ అప్‌డేట్లు, షాపింగ్ గడియారాలు

పైనుంచి కొత్తది దిగే పేజీల్లో నాకు నచ్చనిది అవి మారడం కాదు, చదువుతున్నదాన్ని తోసేయడం. వేలు "ఇంకా చదవండి" మీద పెట్టేలోపు పేజీ రెండంగుళాలు కిందికి జరిగి, వేలి కిందికి ఏదో ప్రకటన వచ్చి కూర్చుంటుంది. మంచి పేజీ అయితే "కొత్తవి 4" అని పైన చూపించి మనం నొక్కేదాకా ఆగుతుంది. పెద్ద సంఘటన జరిగిన రోజున కూడా లైవ్ పేజీ కంటే రాత్రి తొమ్మిదింటికి పూర్తి కథనం చదవడమే మేలు. పొద్దున రాసిన పుకారు, మధ్యాహ్నం ఇచ్చిన ఖండన అందులో ఒకచోట సర్దుకుని ఉంటాయి.

"ఇప్పుడు 37 మంది చూస్తున్నారు", "2 మాత్రమే మిగిలాయి", పరుగెత్తే గడియారం... వీటి దగ్గర నిదానించండి. పేజీ మూసి మళ్లీ తెరిస్తే గడియారం మొదటికి వచ్చిందంటే అది లైవ్ కాదు, వల. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న నోటిఫై చేసిన మార్గదర్శకాల్లో 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను, అంటే కొనేవాళ్లని మభ్యపెట్టే పేజీ ఎత్తుగడలను, నిషేధించింది. లేని తొందరని పుట్టించడం అందులో ఒకటి. 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.

పేజీలు తయారుచేసేవాళ్లకి

ఓఎంఆర్ ఐటీ కంపెనీల్లో మనవాళ్లు చాలామంది ఈ పేజీలు కట్టేవాళ్లే కాబట్టి ఒక మాట. నిమిషానికోసారి మారే సమాచారానికి ఎప్పుడూ తెరిచి ఉండే వెబ్‌సాకెట్ కనెక్షన్ అక్కర్లేదు, పేజీయే అప్పుడప్పుడూ సర్వర్‌ని అడిగే పోలింగ్ చాలు. సర్వర్ వైపు నుంచే కబురు రావాలంటే సర్వర్ సెంట్ ఈవెంట్స్. చాట్, ట్రేడింగ్ లాంటి రెండువైపుల మాటకే వెబ్‌సాకెట్. వెబ్ పేజీలు వికలాంగులతో సహా అందరికీ పనికొచ్చేలా ఉండాలని చెప్పే డబ్ల్యూసీఏజీలో నియమం 2.2.2 ప్రకారం ఇతర సమాచారం పక్కన దానంతటదే మారుతూ ఉండేదాన్ని ఆపడానికో, దాచడానికో, ఎంతసేపటికోసారి మారాలో ఎంచుకోవడానికో వీలుండాలి. అది అన్నిటికంటే కింది స్థాయి నియమం, అంటే తప్పనిసరి కనీసం. తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవాళ్ల కోసం ఏరియా లైవ్‌ని (aria-live) "పొలైట్"లో పెట్టండి. "అసర్టివ్" పెడితే వాళ్లు వింటున్న వాక్యాన్ని మధ్యలో కోసేసి మీ స్కోరు చదువుతుంది. కొత్త వరసకి ముందే చోటు వదిలితే పాత వరస జారదు. ప్రభుత్వ సైట్ల మీద ఇప్పటికీ పరుగెత్తే మార్కీ అక్షరాల గురించి నేను చెప్పేదేముంది, అర్జెంటు నోటీసు వెతికినవాళ్లందరికీ తెలుసు.

ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లో

ఈసారి ఊరెళ్లినప్పుడు ఒక పావుగంట కూర్చుని ఈ పని చేయండి. ఆండ్రాయిడ్‌లో యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో "రిమూవ్ యానిమేషన్స్", ఐఫోన్‌లో మోషన్ కింద "రెడ్యూస్ మోషన్" ఆన్ చేయండి. మర్యాదగా కట్టిన పేజీలు దాన్ని గమనించి కదలికలు తగ్గిస్తాయి. క్రోమ్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల జాబితా తెరిచి చూడండి. ఎప్పుడో "అలౌ" నొక్కిన సైట్లన్నీ అక్కడ వరసగా ఉంటాయి. బ్యాంకు, రైల్వే, వాతావరణం లాంటివి ఉంచి మిగతావి ఒక్కొక్కటే తీసేయండి. అమ్మని అడిగి మరీ తీయండి. జ్యోతిషం సైట్ ఒకటి మాత్రం ఉంచమంటుంది, ఉంచేయండి.